ఇన్సులిన్ సీసా ఒకటి, సిరంజి మరొకటి

ప్రశ్న: నైట్ డ్యూటీలో ‘40’ రకం (మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు వాడే) ఇన్సులిన్ సిరంజిలు అయిపోయాయి. ‘100’ రకం సిరంజితోనే లెక్కగట్టి ఇచ్చెయ్యమంటున్నారు సీనియర్లు. ఇవ్వొచ్చా మేడమ్?
– ఓ స్టాఫ్ నర్సు, ఖమ్మం

జవాబు: వద్దు తల్లీ. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే వయల్ (మందు సీసా) నుంచి 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే రోగికి అందేది 8 యూనిట్లే. తిరగబడితే ఇంకా ఘోరం. 100 వయల్, 40 సిరంజి అయితే అదే గీత దగ్గర 50 యూనిట్లు! షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. లెక్క నీకొచ్చు, కాదనను. తెల్లవారుజామున నిద్రకళ్లతో వేసే లెక్క మీదే నాకు నమ్మకం లేదు. మామూలుగా ఎర్రమూత 40, నారింజమూత 100. అయినా మూత చూసి ఊరుకోకు, సిరంజి మీది అచ్చు చదువు. పక్క వార్డుకో ఫార్మసీకో మనిషిని పంపి సరైనది తెప్పించు. మందు లాగాక ఇంకో నర్సుకు చూపించు. సీనియర్లు మొహం ముడుచుకుంటారా, ముడుచుకోనీ.