మొగలికి కాయలే వస్తున్నాయి, పువ్వు రాదేం?

ప్రశ్న: మా కొబ్బరి తోటకు సముద్రం వైపున్న పాత మొగలి డొంకలు రొయ్యల చెరువులు తవ్వినప్పుడు పోయాయి. ఉప్పుగాలికి అడ్డుగా ఉంటాయని, పువ్వూ అమ్ముకోవచ్చని ఐదేళ్ల కిందట పిలకలు తెచ్చి గట్టు వెంట నాటాం. సగం మొదట్లోనే కుళ్లిపోయాయి. బతికినవి అనాస లాంటి కాయలు కాస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా

జవాబు: మీరు తెచ్చినవి ఆడ చెట్ల పిలకలు. మొగలిలో ఆడ, మగ వేరువేరు చెట్లు. వాసన రేకుల పొత్తు మగ చెట్టుకే వస్తుంది. ఆడ చెట్టుకు ఎంత ఎరువు వేసినా కాయే. పూతకు రాకముందు తేడా తెలియదు, గింజ మొలకల్లో రెండూ కలిసి వస్తాయి. కాబట్టి వానాకాలంలో పొత్తు వేసిన చెట్లనే చూసి, మొదలుకు రంగు పూసి, వాటి పిలకలే తీసుకోండి. డొంకకు ఒకటి రెండు చాలు. తీరంలో మిగిలినవే కొద్ది డొంకలు, వాటిని బోడి చేయొద్దు.

ఉన్న ఆడ చెట్లను పీకకండి. ఇసుకను పట్టి ఉంచడంలో రెండూ సమానమే. వాటిని సముద్రం వైపు వరుసగా ఉంచి, లోపలి వరుసలో మగ పిలకలు పెట్టండి.

కుళ్లుకు కారణం సాధారణంగా లోతు, నిల్వ నీరు. రెండు మూడడుగుల పిలకను, చిన్న ఊడలు మొదలైనదాన్ని, పదునైన కత్తితో కోయండి. ఆకులు సగానికి కత్తిరించి, నీడలో మూడు రోజులు ఉంచి కోత ఆరనివ్వండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, కోసిన మొదలును పావుగంట ముంచండి. అడుగున్నర గుంతలో ఇసుక, 10 కిలోల మాగిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి నింపి, పిలకను జానెడు లోతునే నాటి, ఊతకర్ర కట్టండి. చెరువు ఊట చేరే గట్టు అడుగున వద్దు, పై భాగంలో ఆరడుగుల ఎడంలో పెట్టండి. వేరు పట్టేదాకా మంచినీళ్లే పోయాలి.

కొబ్బరిని పట్టే కొమ్ము పురుగు మొగలి మొవ్వునూ తొలుస్తుంది. పేడకుప్పలు దగ్గర ఉంచకండి, రంధ్రం కనిపిస్తే ఇనుప కొక్కెంతో పురుగును లాగేయండి.

పూత మూడు నాలుగేళ్లకు మొదలవుతుంది. పొత్తు విచ్చకముందే తెల్లవారుజామున కోయాలి. అత్తరు బట్టీలు ఎక్కువగా ఒడిశాలోని గంజాం వైపు ఉన్నాయి, అంతదూరం పంపితే వాసన నిలవదు. కడియం పూల వ్యాపారులతో మాట్లాడుకున్నాకే మొక్కల సంఖ్య పెంచండి.