అటు డాక్టరూ కాక, ఇటు ఇంజనీరూ కాక...

ప్రశ్న: ఇంజనీరింగ్‌లో చేరే సమయం వచ్చింది. నాకు లెక్కలంటే ఇష్టం, జీవశాస్త్రమన్నా అంతే ఇష్టం. రక్తం చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి, అందుకే డాక్టరు చదువు వద్దనుకున్నాను. బయోమెడికల్ ఇంజనీరింగ్ తీసుకుంటానంటే మా నాన్నగారు ‘రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు, ఎలక్ట్రానిక్స్ తీసుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ సామెత నాకు కొత్త కాదమ్మా. ఆసుపత్రుల్లో పరికరాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. బంధువుల్లో కొందరు జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలని అడిగేవారు, మిగిలినవారు చెడిపోయిన ఫ్యాను తెచ్చి ముందు పెట్టేవారు. రెండూ నాకు చేతకావు. మరి నాకు వచ్చిందేమిటో ఒక సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఈసీజీ యంత్రం పాడైందని పిలిచారు. సన్నగా రావలసిన గీత గొంగళిపురుగులా మందంగా, నూగుతో వస్తోంది. చుట్టూ ఉన్న కరెంటు తీగల రొద అందులో కలుస్తోందని చూడగానే తెలిసింది. సెకనుకు 50 సార్లు ఊగే అల అది. యంత్రం విప్పాను. వడపోత సర్క్యూట్ చూశాను, ఎర్త్ చూశాను, తీగ మార్చి మళ్లీ బిగించాను. అరగంట పోయింది, గొంగళిపురుగు పోలేదు. అప్పుడే డ్యూటీకి వచ్చిన పెద్ద సిస్టర్ నన్ను పక్కకు జరగమని, రోగి ఛాతీ మీది ఎలక్ట్రోడ్ (గుండె సంకేతాన్ని అందుకునే జెల్ బిళ్ల) ఒకటి పీకి, అక్కడి చర్మాన్ని దూదితో గట్టిగా తుడిచి కొత్తది అంటించారు. గీత శుభ్రంగా వచ్చేసింది. పాతదాని జెల్ ఎండిపోయింది, అంతే.

చర్మం మీద దొరికే గుండె సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు. ఎలక్ట్రోడ్లలో ఒక్కటి సరిగా అంటుకోకపోయినా రొద దాన్ని మింగేస్తుంది. ఈ ముక్క నేను పుస్తకంలో చదివే ఉన్నాను, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. రోగి చర్మం కూడా నా సర్క్యూట్‌లో ఒక భాగమేనని మాత్రం ఆరోజే బుర్రకెక్కింది. నాకు తెలిసిన బయోమెడికల్ ఇంజనీరింగ్ ఇదే. కదిలే, చెమటపట్టే, భయపడే మనిషి ఒక చివర ఉన్న యంత్రంతో పని. వింటుంటే చిరాకేస్తే వేరే కోర్సు చూసుకోండి. ఆ జెల్ ఎండకుండా ఏం చేయవచ్చా అని ఆలోచన మొదలైతే చేరండి.

మీ నాన్నగారి మాటలోనూ నిజం ఉంది. ఈ కోర్సులో శరీరధర్మశాస్త్రం, సర్క్యూట్లు, సిగ్నల్ ప్రాసెసింగ్, ఎముకల మీద పడే బలాల లెక్కలు, శరీరం తిప్పికొట్టని లోహాలూ ప్లాస్టిక్కులూ, అన్నీ తలా కాస్త చెబుతారు. తలా కాస్త వచ్చినవారికి పిలిచి ఉద్యోగం ఇచ్చేవారు తక్కువ. రెండో ఏడు దాటేలోపు ఏదో ఒకదాన్ని పట్టుకుని లోతుకు దిగాలి. ఎలక్ట్రానిక్స్ చదివి, పైచదువుకు ఇటు రావడమూ మంచి దారే. సీటీ స్కానర్ తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ విద్యుత్ ఇంజనీరు. 1979లో ఆయన నోబెల్ పంచుకున్నది వైద్యశాస్త్రంలో. జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి సంగతి ఇంకా బాగుంటుంది. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి గుండా వెలుగు పంపి గుండె ఎంత రక్తం తోడుతోందో కొలవబోతే, నాడి కొట్టుకోవడం లెక్కకు అడ్డొచ్చింది. ఆ అడ్డు తీసేసే ప్రయత్నంలో, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పే సమాచారం ఆ అడ్డులోనే ఉందని ఆయన గ్రహించారు. ఇప్పుడు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ అలా 1970లలో పుట్టింది. అయితే ఒక మాట. తర్వాత ఇటు వస్తామని ఎలక్ట్రానిక్స్‌లో చేరిన నా స్నేహితుల్లో ఒక్కరూ రాలేదు.

ఉద్యోగమంటే కొత్త యంత్రాలు కనిపెట్టడమే అనుకోకండి. చాలామంది చేసేది పరీక్షలు, మరమ్మతు, యంత్రం వాడకం నేర్పడం, అనుమతుల కాగితాలు. కాగితాలే కదా అని తీసిపారేయకండి. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985–87 మధ్య కనీసం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. పాత నమూనాల్లో ప్రమాదాన్ని ఆపే విడి సర్క్యూట్లు ఉండేవి. ఇందులో అవి తీసేసి ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను విడిగా కూర్చుని పరీక్షించినవారు లేరు. అలాంటి పరీక్ష జరిగిందా అని అడిగేవే ఆ కాగితాలు.

కాలేజీకి వెళ్లినప్పుడు భవనాలు చూడకండి. ఆసుపత్రిలో శిక్షణ ఎన్ని వారాలు, ఏ ఆసుపత్రిలో అని అడగండి. నాలుగో ఏడాది పిల్లలు ఎవరైనా కనిపిస్తే, మీ చేత్తో విప్పి బిగించిన యంత్రం ఏదని అడగండి. వెంటనే పేరు చెప్పలేకపోతే ఇంకో కాలేజీకి వెళ్లండి. నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి, జవాబులు ఆయన చెవిన కూడా పడాలి.

ఇక కళ్లు తిరగడం. నాకూ తిరిగేవి. శిక్షణలో మొదటిసారి డయాలసిస్ గదిలోకి వెళ్లినప్పుడు గొట్టాల్లో ఎర్రగా తిరుగుతున్నదేమిటో అర్థం కాగానే తూలాను, ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రెండో వారానికి గొట్టాల వైపు చూడటం మానేసి పంపు చప్పుడు వినడం మొదలుపెట్టాను. ఆ చప్పుడులో తేడా వచ్చిందని మొదట చెప్పింది నేనే.