టెక్ సందేహాలు: కెనడాలో తొలి తుపాకీ లైసెన్సు, ఫారాలు, పోర్టళ్లు, పేర్ల తికమక

కెనడాలో ఉంటున్న పాఠకులు కొందరు తుపాకీ లైసెన్సు దరఖాస్తు గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. ప్రశ్నలు పీడీఎఫ్ గురించీ పాస్‌వర్డు గురించీ మొదలైనా, వాటి వెనక ఉన్న అసలు చిక్కు చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఏ కాగితం ఎప్పుడు, ఏ పేరుతో పంపాలన్నది. అందువల్ల జవాబులు కొంచెం ఆ వైపుకూ సాగుతాయి.

ప్రశ్న: నేను ఒంటారియోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చి మూడేళ్లయింది. రేంజ్‌లో గురి నేర్చుకోవడానికి పిస్టల్ కొనుక్కోవాలని ఉంది. అది రెస్ట్రిక్టెడ్, అంటే అదనపు ఆంక్షలున్న తరగతిలోకి వస్తుందంటున్నారు. 5592 నంబరు లైసెన్సు దరఖాస్తు ఫారం దింపుకుంటే ఫోన్‌లో 'దయచేసి వేచి ఉండండి' అన్న పేజీ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఏ యాప్‌లో తెరవాలి? లైసెన్సు వచ్చేలోపు పిస్టల్‌ను ఆన్‌లైన్‌లో బుక్ చేసి పెట్టుకోవచ్చా?

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు తెలిస్తే మొదటి ప్రశ్న అవసరమా కాదా అన్నది మీరే తేల్చుకోగలరు. 2022 అక్టోబరు 21 నుంచి కెనడాలో వ్యక్తులు పిస్టళ్లు, రివాల్వర్ల వంటి చేతి తుపాకులను కొనడం, అమ్మడం, ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేయడం నిలిచిపోయింది. 2023 డిసెంబరు 15న ఆమోదం పొందిన సీ-21 చట్టం ఈ నిలుపుదలను శాసనంలోనే చేర్చింది. వృత్తిరీత్యా తుపాకీ వెంట ఉంచుకునే అనుమతి ఉన్నవారికి, ఒలింపిక్ లేదా పారాలింపిక్ షూటింగ్ విభాగాల్లో సాధన చేస్తున్నట్టు క్రీడాసంఘం నుంచి లేఖ తెచ్చుకోగలిగినవారికి మాత్రమే మినహాయింపు ఉంది. వారాంతంలో సరదాగా గురి నేర్చుకునేవారు ఆ మినహాయింపులోకి రారు. కాబట్టి మీరు లైసెన్సు తెచ్చుకున్నా పిస్టల్ మీ పేరు మీదికి బదిలీ కాదు. బుక్ చేసి ఉంచుతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. లైసెన్సు చేతికి రాకముందే పెట్టె, తాళం, తూటాల బేరాలు చేసుకునేవారిని చూస్తే ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తుకొస్తుంది.

అలాగని రెస్ట్రిక్టెడ్ లైసెన్సు ఇవ్వడం ఆగిపోలేదు, ఆ తరగతి ఖాళీ కూడా కాలేదు. సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో తాకితే పేలే) తూటా వాడే సెమీ ఆటోమేటిక్ తుపాకీ గొట్టం 470 మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉంటే, లేదా మడిచినా కుదించినా 660 మిల్లీమీటర్లలోపు పొడవుతో పేల్చగలిగేలా ఏ తుపాకీ అయినా ఉంటే, అది నిషేధిత జాబితాలో లేనంతవరకు రెస్ట్రిక్టెడ్ కిందికే వస్తుంది. కానీ ఆ 'నిషేధిత జాబితాలో లేనంతవరకు' అన్న షరతు ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుంటోంది. 2020 మే 1న ఏఆర్-15 రైఫిల్‌తో సహా సుమారు 1,500 నమూనాలను, 2024 డిసెంబరు 5న మరో 324 నమూనాలను, 2025 మార్చి 7న ఇంకో 179 నమూనాలను నిషేధిత తరగతిలోకి మార్చారు. అందువల్ల పాత యూట్యూబ్ వీడియోలో 'ఇది రెస్ట్రిక్టెడ్, కొనొచ్చు' అని చెప్పిన నమూనా ఈ రోజు నిషేధితమై ఉండవచ్చు. కెనడా జాతీయ పోలీసు సంస్థ ఆర్‌సీఎంపీ నిర్వహించే ఫైర్‌ఆర్మ్స్ రిఫరెన్స్ టేబుల్ అనే తుపాకుల జాబితాలో తయారీదారు పేరు, నమూనా పేరు వెతికి, ఎదురుగా ఉన్న తరగతిని చూసిన తరువాతే ఏ మాటనైనా నమ్మండి. నా సలహా అడిగితే, మొదటిసారి తీసుకునేవారు ఆ అదనపు ఆంక్షలు లేని నాన్ రెస్ట్రిక్టెడ్ లైసెన్సుతో, సాధారణ రైఫిల్‌తో గురి నేర్చుకోవడం మొదలుపెట్టడమే మేలు. కాగితాలు సగమవుతాయి, సాధన మాత్రం అదే.

ఇక మీ ఫారం సంగతి. కెనడా ప్రభుత్వ ఫారాల్లో కొన్నిటిని మామూలు పీడీఎఫ్‌లుగా కాకుండా, లోపల ప్రోగ్రాం పనిచేసే రకంగా తయారుచేశారు. ఫోన్లలోని వ్యూయర్లు, చాలా బ్రౌజర్లు ఆ లోపలి భాగాన్ని నడపలేవు. అందుకే తెరమీద వేచి ఉండమన్న పేజీ ఒక్కటే మిగులుతుంది, ఎంతసేపు వేచి ఉన్నా మరో పేజీ రాదు. ఫైలును కంప్యూటర్‌లోకి దింపుకుని, అడోబ్ అక్రోబాట్ రీడర్‌ను ముందుగా తెరిచి, దాని ఫైల్ మెనూ నుంచి ఆ పీడీఎఫ్‌ను తెరవండి. రెండుసార్లు క్లిక్ చేస్తే అది మళ్లీ బ్రౌజర్‌లోకే వెళ్లే అవకాశం ఉంది. అంతకన్నా సులువైన దారి ఆర్‌సీఎంపీ ఆన్‌లైన్ సేవల ద్వారా దరఖాస్తు చేయడం. అయితే ఆ సైటుకు సెర్చ్ ఇంజిన్‌లో పైన కనిపించే ప్రకటన మీద నొక్కి వెళ్లకండి. చిరునామా చివర జీసీ డాట్ సీఏ, కెనడా డాట్ సీఏ, ఆర్‌సీఎంపీ డాట్ సీఏ, ఈ మూడింటిలో ఏదీ లేకపోతే అది ప్రభుత్వ సైటు కాదనుకోండి. దరఖాస్తు నింపిపెడతామంటూ రుసుము తీసుకునే మధ్యవర్తుల చేతిలో మీ పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు పెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ప్రభుత్వ రుసుమును కూడా సవరిస్తుంటారు కాబట్టి, దరఖాస్తు చేసే రోజున అధికారిక పేజీలో ఉన్న మొత్తాన్నే చూసుకోండి.

ఫారం తెరవడానికి ముందే మీ దగ్గర ఉండవలసింది కోర్సు పాసైనట్టు నివేదిక. నాన్ రెస్ట్రిక్టెడ్‌కు సీఎఫ్‌ఎస్‌సీ అనే తుపాకీ భద్రత కోర్సు, రెస్ట్రిక్టెడ్ కూడా కావాలంటే దానిపైన ఆ తరగతికి ప్రత్యేకమైన సీఆర్‌ఎఫ్‌ఎస్‌సీ కోర్సు పాసవ్వాలి. ప్రతిదానికీ రాత పరీక్ష, చేతితో తుపాకీని సురక్షితంగా పట్టుకుని చూపించే పరీక్ష ఉంటాయి. రెండింటిలోనూ 80 శాతం రావాలి. ఇంట్లో కూర్చుని పూర్తి కోర్సు ఆన్‌లైన్‌లో ముగించవచ్చని చెప్పే ప్రకటనలను పక్కన పెట్టండి. తుపాకీ గొట్టాన్ని ఎటు తిప్పి పట్టుకున్నారు, ట్రిగ్గర్ మీద వేలు ఉందా లేదా అన్నది పరీక్షకుడు ఎదురుగా నిలబడి చూసేది. భారత్‌లో ఎన్‌సీసీలోనో మరెక్కడో పొందిన శిక్షణ ఈ కోర్సుకు ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పీఆర్ కార్డులో నా పేరంతా ఇంటిపేరు స్థానంలో పడింది. డ్రైవింగ్ లైసెన్సులో మరో రకంగా ఉంది. కోర్సు నివేదికలో శిక్షకుడు ఇంకోలా రాశాడు. లైసెన్సు దరఖాస్తులో ఏది రాయాలి?

జవాబు: తెలుగువారి దరఖాస్తులు ఆలస్యం కావడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందు వరుసలో ఉంటుంది, దీనికి మంత్రమేమీ లేదు. ఉదాహరణకు పాస్‌పోర్టులో 'వెంకట సాయి కృష్ణ' అని మాత్రమే ఉందనుకోండి. వలస శాఖ రికార్డులో మూడు ముక్కలూ కలిసి ఇంటిపేరు అవుతాయి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే చోట 'వెంకట' మొదటి పేరుగా, 'కృష్ణ' ఇంటిపేరుగా విడిపోవచ్చు. కోర్సు రోజున శిక్షకుడు అడిగితే మనం ఆఫీసులో పిలిచే పేరు 'కృష్ణ' అని చెప్పేస్తాం, అతడు అదే రాసుకుంటాడు. ఇప్పుడు ఒకే మనిషికి మూడు రూపాలు. దరఖాస్తుదారు గత చరిత్రను పరిశీలించేవారికి ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపించినా తప్పు పట్టలేము. అందులోనూ 2021 జులై 7 నుంచి ఆ పరిశీలన గత ఐదేళ్లకు పరిమితం కాకుండా దరఖాస్తుదారు జీవితకాలమంతటికీ విస్తరించింది.

మీరు ఇవ్వబోయే ప్రభుత్వ గుర్తింపు కార్డులో అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉందో దరఖాస్తులో అలాగే రాయండి. ఇతర పేర్లు, మునుపటి పేర్లు అడిగిన చోట మిగిలిన రూపాలన్నిటినీ నింపండి. పెళ్లికి ముందు ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇనీషియల్‌గా మిగిలిపోయిన ఇంటిపేరు కూడా అందులోకి వస్తాయి. ఇంకా కోర్సుకు వెళ్లనివారు శిక్షకుడికి పేరు చెప్పకుండా కార్డే చూపించండి. నివేదికలో తప్పు ఇప్పటికే పడి ఉంటే, దరఖాస్తు పంపక ముందే ఆయనచేత సరిచేయించుకోండి. స్కాన్ చేసిన ఫైలులో మీరే పేరు దిద్దడం ఎడిటింగ్ కాదు, ఫోర్జరీ అవుతుంది.

కెనడాకు వచ్చి ఐదేళ్లు నిండనివారిని స్వదేశపు పోలీసుల నుంచి సత్ప్రవర్తన లేఖ తెమ్మని అడగవచ్చు. మన విషయంలో అది సాధారణంగా భారత దౌత్య కార్యాలయం ద్వారా తెచ్చుకునే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్). అది పాస్‌పోర్టులోని పేరుతోనే వస్తుంది కనుక, పైన చెప్పిన పేర్ల పొంతన ఇక్కడ మళ్లీ అవసరపడుతుంది. తేదీల విషయంలో కూడా జాగ్రత్త. మనకు తేదీ-నెల-సంవత్సరం అలవాటు, కెనడా ఫారాల్లో తరచుగా సంవత్సరం-నెల-తేదీ అడుగుతారు. ఆగస్టు 5న పుట్టినవారు మే 8న పుట్టినట్టు నమోదైతే, ఆ పొరపాటును ఏ పోర్టలూ ఎర్ర గీతతో పట్టి చూపదు, రెండూ సరైన తేదీలే కదా.

ప్రశ్న: మావారు లైసెన్సుకు దరఖాస్తు నింపుతున్నారు. భార్య సంతకం పెట్టాల్సిన చోట ఒకటుంది. 'టాబ్లెట్‌లో నీ సంతకం ఉంది కదా, అతికించేస్తాను' అంటున్నారు. నాకు ఇష్టం లేదు. సంతకం లేకపోతే దరఖాస్తు ఆగిపోతుందా? ఆగిపోతే ఇంట్లో గొడవ అవుతుందని భయం.

జవాబు: అమ్మా, మీ సంతకాన్ని మీరు తప్ప ఎవరూ పెట్టకూడదు, చిత్రంగా అతికించినా సరే. దరఖాస్తులో తెలిసి అబద్ధం చెప్పడం కెనడా ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం నేరం. దానికి ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. టాబ్లెట్‌లో భద్రపరిచిన ఆ సంతకాన్ని తొలగించి, మీ వేలిముద్రతో గానీ పిన్‌తో గానీ మాత్రమే తెరుచుకునే చోట పెట్టుకోవడం వేరే పనులకూ మంచిదే.

సంతకం లేకపోయినంత మాత్రాన దరఖాస్తు దానంతట అది తిరస్కరణకు గురికాదు. ప్రస్తుత జీవిత భాగస్వామి, గత రెండేళ్లలో భాగస్వాములుగా ఉన్నవారు సంతకం చేయకపోతే, దరఖాస్తు వచ్చిన సంగతిని తుపాకీ లైసెన్సుల వ్యవహారం చూసే అధికారి, చీఫ్ ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసర్, వారికి తెలియజేయాలి. అంటే ఆ గడి అనుమతి పత్రం కాదు, మీకు తెలిసే ఇది జరుగుతోందని చూసుకునే ఏర్పాటు. మీకు ఆందోళన ఉంటే ఆ ఆఫీసరు కార్యాలయానికి మీరే ఫోన్ చేసి చెప్పవచ్చు. ఇంట్లో అందరూ వాడే ఫోన్ నుంచి కాకుండా, కాల్ వివరాలు మీవారికి కనిపించని ఫోన్ నుంచి చేయండి. భయం ఇప్పటికే దెబ్బల దాకా వెళ్లి ఉంటే, ఫారం సంగతి తరువాత, ముందు 911.

మీవారు చదివితే ఆయనకూ ఒక మాట. గత రెండేళ్లలో విడాకులు, ఎడబాటు, ఉద్యోగం పోవడం, దివాలా వంటివి జరిగాయా అని దరఖాస్తులో అడుగుతారు. లేఆఫ్‌కు గురైన ఐటీ ఉద్యోగులు ఇక్కడ 'అవును' అని రాయడానికి జంకుతారు. 'అవును' అన్నంత మాత్రాన తిరస్కరించరు. వివరం అడుగుతారు, అవసరమైతే మీరు రిఫరెన్సులుగా ఇచ్చిన ఇద్దరికీ ఫోన్ చేస్తారు. ఆ ఇద్దరికీ మీరు కనీసం మూడేళ్లుగా తెలిసి ఉండాలి, వారిలో భార్యగానీ భర్తగానీ ఉండకూడదు. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే ఎత్తని అలవాటు మన మిత్రుల్లో చాలామందికి ఉంది. ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: దరఖాస్తు పంపి పది రోజులైంది. పోర్టల్‌లో రోజూ చూస్తున్నా ఏ మార్పూ లేదు. బ్రౌజర్ క్యాష్ తొలగించాను, వేరే ఫోన్‌లో కూడా చూశాను.

జవాబు: క్యాష్ తప్పేమీ లేదు. ఇప్పటికే లైసెన్సు లేనివారికి కనీసం 28 రోజులు నిరీక్షించాలన్నది నిబంధన. ఈలోపు రెండో దరఖాస్తు మాత్రం పంపకండి.

ప్రశ్న: రెస్ట్రిక్టెడ్ లైసెన్సు వచ్చింది. కార్డు ఫొటోను ఫోన్‌లో పెట్టుకుంటే చాలా? రేంజ్‌కు, రిపేరుకు తీసుకెళ్లడానికి వేరే అనుమతి డౌన్‌లోడ్ చేసుకోవాలా?

జవాబు: కార్డు ఫొటో మీ సౌకర్యానికి పనికొస్తుంది, అడిగినప్పుడు చూపవలసింది అసలు కార్డే. ఆ ఫొటోను వాట్సాప్ గ్రూపులో 'వచ్చేసింది' అంటూ పెట్టేవారిని చూశాను. ఈ ఇంట్లో తుపాకీ ఉండవచ్చునని మీ పేరు, ముఖంతో సహా చాటడం తప్ప దానివల్ల వచ్చే లాభమేమీ లేదు. ఫోన్ గ్యాలరీ క్లౌడ్‌లోకి తనంతట తాను కాపీ అవుతోందేమో చూసి, ఆ ఫొటోను లాక్ చేసిన ఫోల్డర్‌లోకి మార్చండి.

లైసెన్సు ఉన్నంత మాత్రాన రెస్ట్రిక్టెడ్ తుపాకీ కొనుగోలు పూర్తికాదు. మీరు దాన్ని ఎందుకు కొంటున్నారో, అంటే గురి సాధనకా, పోటీకా, సేకరణకా అన్నది చీఫ్ ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసర్ పరిశీలించి బదిలీని ఆమోదించాలి. సాధన కోసమంటే సాధారణంగా గుర్తింపు పొందిన క్లబ్బు సభ్యత్వం అడుగుతారు. తరువాత ఆ తుపాకీకి మీ పేరు మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రావాలి. ఇంటికి తెచ్చుకోవడానికీ, మీ ప్రావిన్సులోని ఆమోదిత రేంజ్‌కు తీసుకెళ్లడానికీ రవాణా అనుమతి లైసెన్సుతో జతగా వస్తుంది. రిపేరుకు మాత్రం అది చాలదు. 2021 జులై నుంచి అటువంటి ప్రతి ప్రయాణానికీ ఏటీటీ అనే రవాణా అనుమతిని విడిగా తీసుకోవాలి. తుపాకీలో తూటాలు లేకుండా, ట్రిగ్గర్ తాళం వేసి, లోపలిది బయటికి కనిపించని పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు మరో తాళం వేసి తీసుకెళ్లాలి.

లైసెన్సు గడువు ఐదేళ్లు. ఇల్లు మారితే 30 రోజుల్లోగా కొత్త చిరునామా తెలియజేయాలి. ఈ రెండు తేదీలనూ ఆఫీసు ఈమెయిల్‌కు ముడిపడిన క్యాలెండర్‌లో పెట్టుకోకండి. ఉద్యోగం మారిన రోజునే అవి కూడా పోతాయి. పోర్టల్ ఖాతాకు కూడా సొంత ఈమెయిలే ఇవ్వండి.