చివరి బంతి

చిరంజీవి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

ఈ వేసవికి అందరినీ ఊళ్ళో కలుపుతానని, ఎలా చేయాలో చెప్పమని నువ్వు ఫోన్ చేసిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. మీ పెదనాన్న కాలం చేసిన ఏడాది ఎలాగూ కలవలేదు. నిరుడు కలవకపోవడానికి మాత్రం ఏ కారణమూ లేదు. ఎవరో ఒకరు పిలుస్తారులే అని ఏడు ఇళ్ళవాళ్ళమూ ఎదురుచూస్తూ కూర్చున్నాం, మే నెల దాటిపోయింది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పినదాన్ని, నల్లబల్ల లేకపోతే కాగితమైనా ఉండాలి నాకు.

ముందు తేదీ తేల్చుకో. మీ పెదనాన్న పంచాంగం ముందేసుకుని ఎండను కాదు, పెళ్ళిళ్ళను చూసేవాడు. ముహూర్తాలు దండిగా ఉన్న వేసవిలో మనవాళ్ళు సగం మంది ఎవరెవరి పందిళ్ళలోనో ఉంటారు. అందుకే మూఢం వచ్చిన ఏడాది ఊరంతా ఉసూరుమంటే ఆయన మాత్రం సంబరపడేవాడు. ఈ 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. పెళ్ళిళ్ళు ఉండవు, వంటవాళ్ళు ఖాళీగా ఉంటారు, షామియానా అడిగిన రోజుకు దొరుకుతుంది. మే 23 శనివారం మొదలుపెట్టి మంగళవారానికి ముగించు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముదిరేలోపు ఎవరిళ్ళకు వాళ్ళు చేరతారు. అమెరికా పిల్లలకు ఇంకా బడులు వదలరని చిన్నత్తయ్య గొడవ పెడుతుంది. పెట్టనీ. అందరికీ కుదిరే తేదీ కోసం వెతికితే నిరుడిలాగే అవుతుంది. వాళ్ళతో ఆదివారం సాయంత్రం ఏడింటికి వీడియోలో మాట్లాడండి, న్యూజెర్సీలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అరగంట చాలు. అంతకు మించితే ఇక్కడున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి ఫోను చుట్టూ మూగుతారు.

రైలు టిక్కెట్ల సంగతి నీకు నేను చెప్పాలా, కానీ పెద్దవాళ్ళు ఇంకా నాలుగు నెలల ముందు తీసుకోవచ్చనే అనుకుంటున్నారు. 2024 నవంబరు నుంచి అరవై రోజులే కదా. మే 22 రాత్రి ప్రయాణానికి మార్చి 23 ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. ఉగాది వెళ్ళిన నాలుగో రోజు అని చెప్పు, పెద్దవాళ్ళకు అలా అయితేనే గుర్తుంటుంది. ఒక టిక్కెట్టు మీద ఆరుగురికి మించి రాదు, అందరి భారమూ నువ్వే నెత్తిన వేసుకోకు. ఇంటికొకరిని పురమాయించు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు గౌతమి ఎక్కితే తెల్లవారుజామున రాజమండ్రిలో దిగుతారు, ఎండ ఎక్కకముందే ఊరు చేరొచ్చు.

డబ్బు దగ్గర జాగ్రత్త. మీ పెదనాన్న లెక్కల పుస్తకం పెద్దమ్మ దగ్గర ఉంది, అడిగి తీసుకో. తలకింత అని ఆయన ఎన్నడూ వేయలేదు. సంపాదన ఉన్న ఒక్కొక్కరి మీదా ఒకే మొత్తం వేసేవాడు. చదువుకునే పిల్లలకూ, పింఛను లేని పెద్దవాళ్ళకూ ఏమీ లేదు. తలలు లెక్కపెడితే ముగ్గురు పిల్లలున్న ఇల్లు రావడానికే జంకుతుంది. ఒకసారి ఆయనకు ఒంట్లో బాగులేక లెక్క నా చేతికిచ్చాడు. నేనేం చేశానో తెలుసా? ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు ఇంకా ఇవ్వాలో పట్టీ రాసి వీధి గదిలో గోడకు అంటించాను. ఫీజు బాకీల పట్టీలాగా. బాకీ ఉన్నది ఒక్క ఇల్లే. వాళ్ళు ఆ తరవాత రెండు వేసవులు రాలేదు. పని ఒత్తిడి అన్నారు. నువ్వు మాత్రం పుస్తకం ఎవరికీ చూపించకు, ఎక్కువ ఇచ్చినవాళ్ళ పేరు కూడా చదవకు. అది చదివింపుల పందిరి కాదు.

డెబ్బై మందికి ఆ ఇంట్లో రెండే స్నానాల గదులు. పక్కింటివాళ్ళనూ, ఎదురింటివాళ్ళనూ ఇప్పుడే అడిగి ఉంచు. కరెంటు పోతుందని అనుకునే, రాత్రి పడుకోబోయే ముందు ట్యాంకు నింపించు. ఏసీ గది మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు. మిగతా అందరికీ డాబా మీదే పక్కలు, సాయంత్రం నాలుగు బిందెలు నీళ్ళు చల్లిస్తే రాత్రికి కాస్త చల్లబడుతుంది.

ఆ డాబా మీదే కబుర్లన్నీ. నువ్వు మైకు పెట్టి ఒక్కొక్క కుటుంబాన్నీ వేదిక మీదికి పిలిచి విశేషాలు చెప్పించాలని ఆలోచిస్తున్నట్టు మీ నాన్న అన్నాడు. వద్దు తల్లీ. మైకు ముందు చెప్పే విశేషాలన్నీ వాట్సాప్‌లో ఎప్పుడో చూసేశాం. కొత్త కారు, గృహప్రవేశం, పిల్లవాడి ర్యాంకు. ఉద్యోగం పోయిన సంగతి, బయాప్సీ ఫలితం కోసం ఎదురుచూస్తున్న సంగతి, కొడుకు ఆరు నెలలుగా మాట్లాడటం లేదన్న సంగతి ఎవరూ మైకులో చెప్పరు. దీపాలు ఆర్పేశాక, పక్క మీద వెల్లకిలా పడుకుని, ఎటో చూస్తూ చెబుతారు. ఆ వేళకు నువ్వు ఏ కార్యక్రమమూ పెట్టకు. అంత్యాక్షరి కూడా.

ఇంకొక పని ఉంది, అది వచ్చేముందే చేయాలి. ఇంటింటికీ ఫోన్ చేసి ఎవరిని ఏమి అడగకూడదో చెప్పు. మన పిల్ల ఒకతి భర్త నుంచి విడిపోయిన ఏడాది ధైర్యం చేసి వచ్చింది. గేటు దగ్గర నుంచి నూతి దాకా నడిచేలోపు నలుగురు "అల్లుడు రాలేదా?" అని అడిగారు. పాపం, తెలియక అడిగినవాళ్ళే. ఆ పిల్ల మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. తెలిసినవాళ్ళం ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. అది మర్యాద కాదేమోనని ఊరుకున్నాం. ఈసారి అలాంటివాళ్ళు ఎవరున్నారో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. పెళ్ళి కాని వాళ్ళనూ, పిల్లలు లేనివాళ్ళనూ, ఇంటర్ తప్పినవాణ్ణీ కలుపుకో.

పిల్లలు వచ్చీ రాగానే కాలువలో ఈత అంటారు. ఏప్రిల్‌లో కట్టేసిన కాలువలు జూన్ వచ్చేదాకా వదలరని వాళ్ళకు తెలియదు, అడుగున బురద చూసి దిగాలుపడతారు. కాబట్టి ఆ నీళ్ళు ఎక్కడ ఆగాయో చూపించు. ఒక పూట ప్రయాణం, ఆరింటికి బయలుదేరి పదకొండుకల్లా ఇంట్లో ఉండాలి. ర్యాలిలో జగన్మోహిని గుడి, ఒకే శిలలో ముందు కేశవుడు, వెనక మోహిని. దీపం వెలుగులో వెనక్కి తిప్పి చూపిస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అక్కడి నుంచి ఆత్రేయపురం, పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దుకాణాలు మరీ ఎక్కువయ్యాయి. రేకు తీసే ఇంటికే తీసుకెళ్ళు, బోర్లించిన వేడి కుండ మీద పిండిలో తడిపిన గుడ్డను ఒక్కసారి లాగడం చూడాలి వాళ్ళు. తరవాత ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు ఆనకట్ట కట్టిన చోటు, మ్యూజియం. వాడపల్లి కూడా చూద్దామని ఎవరో ఒకరు అంటారు. శనివారం మాత్రం అటు పోకండి, ఏడు వారాల మొక్కు ఉన్న జనంతో అడుగు పడదు. పాపికొండలు వద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన పడవ నాకింకా కళ్ళల్లోనే ఉంది. నాది పిరికితనమే అనుకో.

ఇక వంట. నిజానికి దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టి, అటూ ఇటూ తిరిగి ఇప్పటికి వచ్చాను.

నేను ఆ ఇంటి ఆడపడుచును. వేసవికి వచ్చానంటే సంచీ అరుగు మీద పడేసి నూతి గట్టు మీద కూర్చునేదాన్ని. కాఫీ నా దగ్గరికి వచ్చేది. మామిడిపండ్లు బిందెలో నానేవి, నాకు కొత్తపల్లి కొబ్బరి అంటే ఇష్టమని రసాలు పక్కకు జరిపి అవి పెట్టేవారు. మొదటి బంతిలో అల్లుళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. రెండో బంతి మేము. మా వదినలు నలుగురూ మూడో బంతి, మధ్యాహ్నం మూడు దాటాక. అయిదింటికి పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు అప్పుడు లేచేవారు. పైగా ఆ నాలుగు రోజుల్లోనే ఇన్ని ఇళ్ళకు ఆవకాయ కూడా. అత్తవారింట నేనూ చివరి బంతే. పుట్టింటికి వచ్చేది అది మరిచిపోవడానికే కదా, అందుకే అక్కడ ఎవరు చివర తింటున్నారో చూడలేదు.

ఒక ఏడాది మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్ళాను. మీ అమ్మ ఒక్కతే, గోడకు ఆనుకుని, గుండిగ అడుగు అన్నంలో ఆవకాయ కలుపుకుంటోంది. కూర గిన్నె బోర్లించి ఉంది. నన్ను చూసి నవ్వి, "పనసపొట్టు బాగా కుదిరిందటగా?" అంది. వండింది ఆవిడే.

నేను చెంబు నింపుకుని బయటికి వచ్చేశాను. ఆ పూట అంతకు మించి ఏమీ చేయలేదు. ఆ మాట మీ పెదనాన్నతో అనడానికే నాకు మూడేళ్ళు పట్టింది. ఆయన "నిజమే సుమా" అన్నాడు. వంటవాళ్ళను పెడదామనీ అన్నాడు. ఆ వేసవికే ఆయన మంచం పట్టాడు.

కాబట్టి నాలుగు రోజులకూ వంటవాళ్ళను మాట్లాడు. పెరట్లో పాక వేయించి పొయ్యిలు అక్కడే పెట్టించు. లోపలి వంటింటికి, కాఫీలు అయ్యాక, తాళం వేసి చెవి నీ బొడ్లో దోపుకో. నవ్వులాటకు అనడం లేదు. తాళం లేకపోతే వదినలు కాళ్ళు లాగేసినట్టు అటే పోతారు, ఒకరు పోతే నలుగురూ పోతారు. ఆవకాయ ఊసెత్తితే నా పేరు చెప్పు. వడ్డన మగపిల్లల చేత చేయించు, ఒలకబోస్తే ఒలకబోస్తారు. బఫే పెడదామంటావేమో, అరిటాకు మాత్రం వదలకు. కింద కూర్చోలేనివాళ్ళకు బల్లలు వేయించు.

మొదటి రోజు మొదటి బంతి కోడళ్ళది. నలుగురు పాతవాళ్ళూ, వాళ్ళ తరవాత వచ్చిన మీ తరంవాళ్ళూ. మగవాళ్ళు తినకుండానా అని పెద్దత్తయ్య అంటుంది. ఆవిడను నేను చూసుకుంటాను, మా ఇద్దరిదీ వేరే లెక్క. మీ అమ్మ లేచి వడ్డిస్తానంటుంది. ఆవిడ ఆకు మధ్యలో వెయ్యి, లేవడానికి దారి లేకుండా, ఒక పక్కన పెద్దమ్మ, ఇంకో పక్కన నేను.

పనసపొట్టు కూర ఆ రోజే చేయించు, ఆవ పెట్టి. మే నెలాఖరుకు లేత కాయ దొరకడం కష్టమే. పొట్టు కొట్టే మనిషికి పది రోజుల ముందే చెప్పి ఉంచు. మీ అమ్మ ఆకులో మొదట అదే వడ్డించు. ఉప్పు చాలలేదంటుంది. అననీ.

ఇట్లు
అత్తయ్య