కాలేజీ ఇన్సూరెన్స్ ఆగిపోయాక జాబ్ వచ్చేదాకా

అమెరికాలో చదివిన తిరుపతి తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, ఎమ్మెస్ అయిపోయింది, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఇక్కడ పనిచేసుకునే పర్మిషన్) మీద ఉన్నా, జాబ్ ఇంకా రాలేదు. కాలేజీ హెల్త్ ఇన్సూరెన్స్ వచ్చే నెల ఆగిపోతుందంట. జాబ్ వచ్చేదాకా అది లేకుండానే నెట్టుకురావచ్చా?"

వద్దు తమ్ముడూ. నిన్ను తప్పు పట్టడం లేదు, అమెరికా వచ్చిన కొత్తలో నేనూ మూడు నెలలు అట్లే ఉన్నాను. ఊర్లో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి నాన్న లోన్ తీసుకున్నాడు, నెల తిరిగితే వడ్డీ, ఆ డబ్బు తీసి ప్రీమియం కట్టాలంటే చేయి రాలేదు. పైగా మనం పెరిగిన తీరు వేరు. జ్వరమొస్తే వీధి చివర డాక్టరుకి ఫీజిచ్చి చూపించుకుంటాం, పెద్ద జబ్బయితే రుయా, స్విమ్స్, లేదంటే వేలూరు సీఎంసీ. 2007 నుంచి ఆరోగ్యశ్రీ కూడా ఉంది. రోగం రాకముందే నెలనెలా డబ్బు కట్టడం మా ఇంట్లో ఎవరూ చేయగా నేను చూడలేదు.

అప్పట్లో నా రూమ్మేట్‌ది చిత్తూరు, వాడికీ ఇన్సూరెన్స్ లేదు. ఒక రాత్రి కడుపునొప్పి అన్నాడు. వాళ్లమ్మ కట్టిచ్చిన వాము నమిలి, సీసాలో వేడినీళ్లు పోసి కడుపు మీద పెట్టుకుని పడుకున్నాడు. మరుసటి రోజుకి నొప్పి కుడివైపు కిందికి దిగింది, గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తున్నాడు, అయినా ఫోన్లో వెతుకుతున్నది ఎమర్జెన్సీకి పోతే బిల్లు ఎంతవుతుందనే. మూడో రోజు నేను బలవంతంగా తీసుకెళ్లేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. బతికాడు. బిల్లు కవరు వచ్చాక వారం రోజులు విప్పకుండా ఫ్రిజ్ మీదే పెట్టాడు, "అమ్మకి చెప్పొద్దురా" అని మాత్రం రోజూ అనేవాడు.

ఆ రోజు మా ఇద్దరికీ తెలియనివి నీకు చెప్తున్నా. చదువు అయిపోయి కాలేజీ ఇన్సూరెన్స్ పోతే, పోయిన రోజు నుంచి 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో (హెల్త్ ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) ప్లాన్ తీసుకోవచ్చు, ఆగకముందు 60 రోజుల నుంచి కూడా అప్లై చేయొచ్చు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్లకీ ఇది వర్తిస్తుంది. గడువు దాటితే మామూలుగా నవంబర్ 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరూ ప్లాన్ తీసుకునే సమయం) దాకా ఆగాల్సిందే, కవరేజీ జనవరిలో గానీ రాదు. నీకు 30 ఏళ్లు రాలేదు కాబట్టి కెటాస్ట్రాఫిక్ ప్లాన్ (పెద్ద ఖర్చుల కోసం ఉండేది) కూడా చూడు. చిన్న ఖర్చులకి అది పెద్దగా పనికిరాదు, డిడక్టిబుల్ (ప్లాన్ ఇవ్వడం మొదలయ్యేలోపు మన జేబులోంచి కట్టాల్సింది) చాలా ఎక్కువ, కానీ ఆపరేషన్ లాంటిది వచ్చిపడితే అదే ఆదుకుంటుంది. చవగ్గా ఉందని ఎవరో పంపిన లింక్‌లో ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ మాత్రం కొనొద్దు, వాళ్లు రోజుకింత అని ఇచ్చి ఊరుకుంటారు, మిగతాదంతా నీ నెత్తినే.

ఒకవేళ ఏ ప్లానూ లేనప్పుడే నొప్పి వస్తే, దయచేసి ఇంట్లో పడుకోవద్దు. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) తీసుకునే, ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రులన్నీ, ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ని డబ్బుతో సంబంధం లేకుండా పరీక్షించి, ప్రాణం నిలబెట్టే వైద్యం చేయాలని 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. రాగానే ప్రతి ఖర్చూ విడివిడిగా రాసిన బిల్లు ఇమ్మని అడుగు. నాన్‌ప్రాఫిట్ ఆసుపత్రి అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ (బిల్లు తగ్గించమని పెట్టుకునే) ఫారం అడుగు, మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి కనీసం 240 రోజులు టైముంటుంది. ఫ్రిజ్ మీద కవరు పెట్టిన మావాడు ఆ ఫారం నింపితే బిల్లు సగానికి పైగా తగ్గింది, నింపడానికి పట్టింది ఒక సాయంత్రం.

ఈరోజే మీ స్టూడెంట్ హెల్త్ ఆఫీసుకి మెయిల్ పెట్టు, ఇన్సూరెన్స్ ఏ తేదీన ఆగుతుందో లెటర్ తీసుకో. అప్లై చేసేటప్పుడు అదే అడుగుతారు.