టీ బిళ్ళ పాతబడింది, పారెయ్యాలా?

ప్రశ్న: అమ్మా, మా మేనల్లుడు చైనా నుంచి వస్తూ కాగితంలో చుట్టిన గుండ్రటి టీ బిళ్ళ తెచ్చేడు, పిడకలా గట్టిగా ఉంది. దానిమీద 2014 అని ఉంది. మా అత్తగారు పాడైపోయిందంటన్నారు, వాడేమో పాతదే మంచిదంటాడు. పాలల్లో మరిగిస్తే మట్టి వాసన. ఏటి చెయ్యాలి? (ఒక సోదరి, టెక్కలి)

జవాబు: పారెయ్యకు తల్లీ! నువ్వు చెప్పినదాన్నిబట్టి అది పుఆర్ టీ. చైనాలో దక్షిణాన యున్నాన్ అని ఉంది, అక్కడి కొండల్లో పెరిగే పెద్దాకు రకం, మన అస్సాం టీకి దగ్గర చుట్టమే. అక్కడ జింగ్‌మై కొండమీది పాత టీ తోటల్ని 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చేరు. పూర్వం గుర్రాలమీద టిబెట్ దాకా మోసుకెళ్ళేవోరు కాబట్టి ఆకుని ఆవిరిపట్టి బిళ్ళలుగా ఒత్తేవోరు, ఇప్పటికీ మామూలు బిళ్ళ 357 గ్రాములుంటుంది.

ఇందులో రెండు రకాలు. షెంగ్ అంటే పచ్చిది, ఒత్తి వదిలేస్తే ఏళ్ళతరబడి తనంతట తనే మెల్లగా మారతాది. అన్నేళ్ళు ఆగలేక 1973లో కున్‌మింగ్ ఫ్యాక్టరీలో ఆకుని కుప్పపోసి, నీళ్ళు చల్లి, కప్పెట్టి, వారాల తరబడి తిరగేస్తూ పులియబెట్టే పద్ధతి తెచ్చేరు, అది షౌ. తడిసిన గడ్డివాములో చెయ్యి పెడితే కాలిపోద్ది చూడు, అదే వేడి, మన తరవాణి కుండలోలాగే కంటికి కనపడని జీవులు చేసే పని. నీ బిళ్ళ నల్లగా ఉండి, డికాక్షన్ నల్లటి ఎరుపులో దిగితే షౌ అనుకో. దానికి మట్టి వాసన సహజం, తొలకరి వాసనలా ఉంటాది. బూజు నూగులా కనపడినా, ముక్కు పట్టేసే ముక్కిపోయిన వాసనొచ్చినా మాత్రం తాగొద్దు.

పాలు వద్దమ్మా. చాకు మొనతో పక్కనుంచి ఓ చెంచాడు చెక్కి, సలసలా కాగే నీళ్ళుపోసి ఆ మొదటి నీళ్ళు వెంటనే వంపెయ్, మళ్ళీ పోసి పావునిమిషంలో వడగట్టు, అదే ఆకు ఐదారుసార్లు వస్తాది.

పాతదంతా మంచిదనీ కాదు, దాచిన తీరునిబట్టే. నేనో బిళ్ళని ఆవకాయ జాడీల అల్మరాలో పెట్టేను, ఏడాదికి తీస్తే మెంతీ ఇంగువా తప్ప టీ వాసనే లేదు, ఎంత బాధేసిందో! ఫ్రిజ్‌లో వద్దు, ఎండుచేపల దగ్గర అసలే వద్దు. కాగితంతోనే మట్టికుండలో పెట్టి గుడ్డ కట్టు, మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ, వానాకాలంలో వారానికోసారి విప్పి చూసుకో.