పాఠకుల ప్రశ్నలు: డబ్బాల్లో ఉన్న పొందూరు

ప్రశ్న: మా నాన్నగారు పొందూరులో హైస్కూలు మాస్టారు. ఆరేళ్ల కిందట పోయారు. 1976 నుంచి 1985 దాకా ఆయన తీసిన స్లైడ్లు, అంటే ప్రొజెక్టర్‌లో వేసి చూసే చిన్న ఫిల్మ్ ఫొటోలు, నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి, ఇంచుమించు 340. ఖద్దరు వడికే ఆడవాళ్లు, శాలిహుండం కొండ, శ్రీముఖలింగం గుడి, మా మేనత్త పెళ్లి, అన్నీ అందులోనే. కొన్నిటి మీద తెల్లటి దారాల్లాంటివి పాకాయి. కొన్ని ఎర్రగా అయిపోయాయి. ఇంట్లో ఉన్న మామూలు స్కానర్ మీద పెడితే నల్లటి గళ్లు తప్ప ఏమీ రాలేదు. బయట స్లైడుకింత అని చెప్పిన రేటు 340కి లెక్కేసుకుంటే మాకు మోయలేనిది. ఇంట్లో చేసుకునే దారి ఉందా? డబ్బా అడుగున కడగని కొడాక్రోమ్ (కొడాక్ కంపెనీ కలర్ స్లైడ్ ఫిల్మ్) రోలు కూడా ఒకటి దొరికింది, దాన్ని ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఉందమ్మా. విజయనగరంలో ముప్ఫై ఏళ్లు స్టూడియో నడిపి మూసేశాక, నా సొంత స్లైడ్లు ఆరు వందల పైచిలుకు ఇంట్లోనే డిజిటల్ చేసుకున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఆ తెల్లదారాల సంగతి. అది బూజు. మన సముద్రపు గాలికి, మూత బిగించిన డబ్బాకు అది పుట్టక మానదు. ఫిల్మ్ మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. బూజు తినేది ఆ జెలటిన్‌నే. తిన్నచోట జెలటిన్ నీళ్లకు కరిగిపోయే స్థితికి వస్తుంది. నాకది తెలియని రోజుల్లో, పైడితల్లి అమ్మవారి సిరిమాను స్లైడు ఒకటి తడి దూదితో తుడిచాను. మాను చివర కూర్చున్న పూజారి బొమ్మ దూదికి అంటుకుని వచ్చేసింది. కింద జనం మిగిలారు, కోట గోడ మిగిలింది, పైన ఖాళీ ఆకాశం. ఆ స్లైడు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అందుకే చెబుతున్నాను, నీటి చుక్క తగలనివ్వకండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర కూడా నీరే. కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. పోని దుమ్ముకు మెత్తటి కుంచె చాలు. బూజు పట్టినవాటిని వేరే డబ్బాలోకి మార్చండి, లేకపోతే మిగతావాటికి పాకుతుంది. ఏ స్లైడునైనా ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి ఫొటో తీశాకే శుభ్రం చేసే ఆలోచన చేయండి. స్లైడుకు మెరిసే వైపు ఒకటి, మసక వైపు ఒకటి ఉంటాయి. బూజు మెరిసే వైపే ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పీచు రాలని గుడ్డ మీద కొద్దిగా వేసి తుడవచ్చు. మసక వైపు బొమ్మ ఉంటుంది, అక్కడ చేయి పెట్టవద్దు.

మీ స్కానర్ తప్పేమీ లేదు. అది కాగితం మీద వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును చదువుతుంది. స్లైడుకు వెలుగు వెనక నుంచి రావాలి. మూతలో కూడా దీపం ఉన్న ఫిల్మ్ స్కానర్లు వేరే ఉన్నాయి, మంచివే. కానీ 340 స్లైడుల కోసం కొత్తది కొనమని నేననను. ఇంట్లోనో బంధువుల దగ్గరో డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా ఉంటే, దానికి మాక్రో లెన్సు వారం రోజులకు అద్దెకు తెచ్చుకోండి. బొమ్మను దాని అసలు సైజులోనే సెన్సర్ మీద, అంటే కెమెరా లోపల వెలుగును పట్టే పలక మీద, పడేసే లెన్సు కావాలి, వన్ టు వన్ అంటారు. స్లైడులో బొమ్మ సైజు 36 మిల్లీమీటర్లకు 24. పెద్ద సెన్సర్ కెమెరాలో సెన్సర్ సైజు కూడా అంతే, కనుక ఫ్రేము నిండా కూర్చుంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు వస్తాయి. పొందూరులో పత్తి గింజల దగ్గర పీచును ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు కదా, దాని సన్నపళ్లు ఆ ఆడమనిషి చేతిలో విడివిడిగా కనబడాలంటే ఆ మాత్రం చుక్కలు ఉండాలి. మీ నాన్నగారు అది దగ్గర నుంచి తీసే ఉంటారు, మాస్టారు కదా.

వెలుగుకు ఒక ట్యాబ్ చాలు. పూర్తి తెల్లబొమ్మ తెరిచి, వెలుతురు నిండుగా పెట్టండి. స్లైడును నేరుగా తెర మీద పెడితే తెర గళ్లు కూడా ఫొటోలో పడతాయి. అందుకని బోర్డులు చేసే షాపులో పాలరంగు యాక్రిలిక్ ముక్క అడగండి, కోతల్లో మిగిలింది ఇచ్చేస్తారు. తెరకు నాలుగైదు అంగుళాల పైన ఆ ముక్క, దాని మీద స్లైడు. స్లైడు చుట్టూ నల్ల అట్ట పెట్టి, బొమ్మకు సరిపడా కిటికీ కోయండి. ఈ అట్ట లేకపోతే పక్కల నుంచి వచ్చే వెలుగు లెన్సులో పడి నలుపులన్నీ బూడిదరంగు అవుతాయి. నేను మొదటి యాభై స్లైడులు అట్ట లేకుండానే తీశాను, మళ్లీ తీయాల్సి వచ్చింది.

గది చీకటి చేయండి, ఫ్యాను ఆపండి. కెమెరాను ట్రైపాడ్ మీద కిందికి చూసేలా బిగించి, స్లైడుకు సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో చూడండి. స్లైడు ఉండే చోట చిన్న అద్దం ముక్క పెడితే, అందులో లెన్సు కన్ను సరిగ్గా మధ్యలో కనబడాలి. కెమెరాలో ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకుదనం) 100, అపర్చర్ (లెన్సు కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఫోకస్ చేత్తోనే, ప్రతి స్లైడుకూ సరిచూసుకోండి, పాత ఫిల్మ్ మౌంట్‌లో, అంటే దాన్ని బిగించిన చట్రంలో, ఉబ్బుతుంది. కెమెరా పట్టిన వివరమంతా కుదించకుండా దాచే రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. తెలుపు తెల్లగానే రావడానికి చేసే సర్దుబాటు, వైట్ బ్యాలెన్సు, స్లైడు లేని ఖాళీ వెలుగు మీద ఒక్కసారి పెట్టుకుని, ఇక మార్చవద్దు. గుడి లోపల తీసినలాంటి చీకటి స్లైడులకు ఒకటి మామూలుగా, ఒకటి ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో, రెండు తీసి ఉంచుకోండి.

ఫోన్‌తో కుదరదా అని అడుగుతారు. ఎవరెవరో గుర్తుపట్టడానికి, వాట్సాప్‌లో పంపడానికి కుదురుతుంది. దాచుకోవడానికి చాలదు.

బొమ్మలో కుడి ఎడమలు తారుమారయ్యాయేమో అన్న అనుమానం అందరికీ వస్తుంది. మెరిసే వైపు లెన్సు కేసి ఉంటే సరిగ్గా వస్తుంది. అయినా పెళ్లి స్లైడులో మీ మేనత్త పైట ఏ భుజం మీద ఉందో చూడండి. కుడి మీద ఉంటే మౌంట్ తిప్పి పెట్టాలి.

ఎర్రబడినవి వేరు. రంగులన్నీ ఒకే వేగంతో వెలవవు, ఒకటి ముందు పోతే మిగిలినవి బొమ్మంతా కమ్మేస్తాయి. అప్పట్లో మన దగ్గర తూర్పు జర్మనీ ఆర్వో ఫిల్మ్ బాగా నడిచింది, నా దగ్గర బాగా ఎర్రబడినవన్నీ అవే. కంప్యూటర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా సర్దితే చాలామటుకు తిరిగొస్తుంది. ఆటో బటన్ నొక్కవద్దు. మనకు రంగు తెలిసిన వస్తువు ఒకటి పట్టుకుని సర్దాలి. మీకు నూలు ఉంది. కానీ పొందూరు ఎర్రపత్తి నూలు పాలతెలుపు కాదు, దాన్ని సబ్బు తెలుపు చేయకండి. ఇంట్లో నాన్నగారి పాత ఖద్దరు పంచె ఉంటే పక్కన పెట్టుకుని సర్దండి.

కొడాక్రోమ్ రోలు గురించి చెప్పడానికి మనసొప్పడం లేదు. కొడాక్రోమ్ రంగులు ఫిల్మ్‌లో ఉండవు, కడిగేటప్పుడే చేరతాయి. అలా కడిగిన చివరి ల్యాబ్ అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం పార్సన్స్‌లో ఉండేది. 2010 డిసెంబరు 30 తర్వాత అది కొత్త రోళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇక ల్యాబుల్లో ఆ రోలుకు రంగు రాదు. బ్లాక్ అండ్ వైట్‌గా కడగగల ల్యాబులు ఉన్నాయి, నీడలా అయినా ఏదో దొరకవచ్చు. సాధారణ ల్యాబుకు మాత్రం ఇవ్వకండి. కొడాక్రోమ్ వెనక నల్లటి పూత ఉంటుంది, మామూలు కలర్ యంత్రంలో వేస్తే అది ఊడి మందులన్నీ పాడుచేస్తుంది, మీ రోలూ పోతుంది.

ఒక్క మాట మిగిలింది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రతి స్లైడు మౌంట్‌ను కూడా ఫోన్‌తో ఫొటో తీయండి. దాని మీద మాస్టారి చేతిరాత ఉండవచ్చు, కొడాక్ మౌంట్ల మీద నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి. ఆ వివరంతోనే ఫైలుకు పేరు పెట్టండి. మొదలుపెట్టే ముందే మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూపించి, ఎవరు ఎవరో ఫోన్‌లో రికార్డు చేయండి. నేను మా అమ్మ ఉండగా ఆ పని చేయలేదు. నా ఆరు వందల్లో డెబ్బై స్లైడులలో ఉన్న మనుషులు ఎవరో చెప్పేవారు ఇప్పుడు ఎవరూ లేరు.

ప్రశ్న: డిజిటల్ అయిపోయాక స్లైడ్లు పారేయమని మా అబ్బాయి అంటున్నాడు. ఇల్లు మారుతున్నాం. పారేయవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దండీ. హార్డ్ డిస్కు ఒక్కరోజులో చెడిపోతుంది, నా దగ్గరే రెండు పోయాయి. స్లైడు చీకటిలో, పొడిగా ఉంటే దశాబ్దాలు నిలుస్తుంది. రేపు ఇంతకన్నా మంచి కెమెరా వస్తే మళ్లీ తీయడానికి అసలు ఉండాలి కదా. పై ప్రశ్నలో ఆవిడ చెప్పిన 340 స్లైడులైనా రెండు చెప్పుల డబ్బాల్లో పడతాయి, ఇల్లు మారేటప్పుడు అదేమంత బరువు కాదు. పీవీసీ కవర్లు వాడకండి, పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. సిలికా జెల్ పొట్లాలు వేసి స్టీలు బీరువాలో, గోడకు తగలకుండా పెట్టండి. వర్షాకాలం దాటాక పొట్లాలు మార్చండి. డిజిటల్ కాపీలు రెండు డిస్కుల్లో ఉంచి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి ఇంట్లోనో, తమ్ముడి ఇంట్లోనో పెట్టించండి. ప్రొజెక్టర్ ఉంటే ఆ స్లైడులను మాటిమాటికీ దాంట్లో వేయకండి. ఆ దీపపు వెలుగు, వేడి రంగును తినేస్తాయి. పిల్లలకు చూపించాలంటే ఇప్పుడు టీవీ ఉంది కదా.